భీమిలి వెళ్ళిన బ్యాటరీ బండి

మా అత్త చీరల్లో చిల్లు లేనిది ఒక్కటీ ఉండేది కాదు. పెళ్ళిళ్ళకి కట్టే పట్టుచీరకైనా సరే, కుచ్చిళ్ళ దగ్గర ఆవగింజంత చిల్లులు కనిపించేవి. బ్యాటరీలో పోసే యాసిడ్ చింది గుడ్డ మీద పడితే అప్పటికేమీ తెలియదు. ఉతికాక తెలుస్తుంది. అత్త ఆ చిల్లుల్ని దాచుకునేది కాదు. పైగా ఎవరైనా అడిగితే, "మాది బ్యాటరీ కొట్టు కదమ్మా" అని కాస్త గొప్పగానే చెప్పేది.

విశాఖపట్నం పాత ఊళ్ళో, హార్బరుకి పోయే వీధిలో ఉండేది ఆ కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. మామయ్య పోయాక అత్తే దాన్ని నడిపింది. ఆవిడ నాకు సొంత మేనత్త. ఆవిడ కొడుకుని, అంటే మా బావని పెళ్ళి చేసుకుని ఎనభైల మొదట్లో నేను ఆ ఇంటి కోడలినయ్యాను. చిన్నప్పట్నుంచీ వస్తూ పోతూ ఉన్న ఇల్లే. ఆ పుల్లటి యాసిడ్ వాసన, ఛార్జింగు ఎక్కుతున్నప్పుడు బ్యాటరీల్లోంచి వచ్చే బుడబుడ శబ్దం నాకు కొత్త కాదు. నిజం చెప్పాలంటే బావ కంటే ముందు నాకు ఆ కొట్టే నచ్చింది. ఈ మాట బావతో అంటే ఇప్పటికీ మూతి ముడుస్తాడు.

గోడవారన పొడుగాటి చెక్కబల్ల, దాని మీద వరసగా బ్యాటరీలు. రేవుకి ఖనిజం మోసే లారీలవి కొన్ని, చేపల పడవల్లో దీపాలవి కొన్ని. అన్నిటికంటే ఎక్కువ మైకుసెట్లవి. అవి మా సొంతం, అద్దెకి ఇచ్చేవాళ్ళం. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజులు. పెళ్ళిలో వంట కాస్త ఆలస్యమైనా ఊరుకుంటారు గానీ మైకు ఆగితే ఊరుకోరు. అందుకే ముహూర్తాల రోజుల్లో మా బల్ల ఖాళీగా ఉండేది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి కొట్టులో ఒక తంతు జరిగేది. అత్త దేవుడి దగ్గర దీపం పెట్టి, కాళ్ళు కడుక్కుని వచ్చి, బ్యాటరీల మీద రెండు చుక్కల నీళ్ళు చల్లి, స్విచ్‌బోర్డు ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని నిలబడేది. అప్పుడు ఛార్జింగు స్విచ్చి వేసేది. మామయ్య ఉన్నప్పుడు ఆయన వేసేవాడట. తర్వాత ఆవిడే. పగలు మేం ఎన్నిసార్లు వేసినా తీసినా అడిగేది కాదు, ఆ సాయంత్రం స్విచ్చి మాత్రం ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. కోడలిగా వచ్చిన కొత్తలో చొరవ చేసి ఒకసారి చెయ్యి పెట్టబోయాను.

"తియ్యవే సెయ్యి. నీకింకా కొట్టు అంటుకోనేదు" అంది.

నాకు ఒళ్ళు మండింది. పొద్దస్తమానం డిస్టిల్డ్ వాటరు పోసేది నేను, టెర్మినళ్ళు గీకి శుభ్రం చేసేది నేను, ఏ బ్యాటరీ ఏ ఊరు వెళ్ళిందో గుర్తుపెట్టుకునేది నేను. అయినా కొట్టు అంటుకోలేదట. ఇంకేం అంటుకోవాలో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

ఇంతలో కొట్టుకి గడ్డుకాలం వచ్చింది. లారీవాళ్ళు కొత్త షెడ్లకి పోవడం మొదలుపెట్టారు. ఊరికి దక్షిణాన ఉక్కు ఫ్యాక్టరీ లేస్తోంది, వీధిలో సగం మంది కుర్రాళ్ళు అక్కడే పనికి కుదిరారు. మా బావకీ ఎలక్ట్రీషియన్ ఉద్యోగానికి పిలుపు వచ్చింది. సోమవారం వెళ్ళి చేరాలి. బావకి వెళ్ళాలని లేదు, కానీ ఇల్లు గడవాలి కదా. అత్త ఏమీ అనేది కాదు. అనకుండానే అన్నీ తెలిసేట్టు గిన్నెలు చప్పుడు చేసేది.

సరిగ్గా ఆ వారమే ఏజెంటు దిగాడు. మద్రాసు నుంచి వచ్చిన తెలుగాయన, నున్నటి క్రాపు, చేతిలో ఎప్పుడూ రుమాలు. ఆయన వెంట లారీలో దిగింది ఒక తెల్లటి వ్యాను. పెట్రోలు లేదు, డీజిలు లేదు, కేవలం బ్యాటరీల మీద నడుస్తుంది! అలాంటివి ఊళ్ళో హోటళ్ళకీ స్కూళ్ళకీ అమ్మాలని ఆయన ఆలోచన. కొనేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: దీనికి ఛార్జింగు ఎక్కడ పెట్టాలి? ఆ చోటు కోసం ఆయన ఊరంతా తిరుగుతున్నాడు. ఒక పెట్రోలు బంకు యజమాని అప్పటికే మా దగ్గర పెట్టండి అన్నాడట. పెట్రోలు బంకులో కరెంటు బండికి ఛార్జింగు ఏమిటని మేం నవ్వుకున్నాం గానీ, ఆయనకి స్థలం ఉంది, మాకు ఇరుకు వీధి ఉంది.

ఏజెంటు ఒక పందెం లాంటిది పెట్టాడు. "ఆదివారం బండిని మీరే ఛార్జింగు పెట్టి తీయండి. భీమునిపట్నం వెళ్ళాలి, అక్కడ మీరే ఎక్కడో అక్కడ ఛార్జింగు చూడాలి, దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చి ఈ కొట్టు ముందు నిలబడాలి. అలా చేస్తే ఈ ఊళ్ళో మా బళ్ళన్నిటి ఛార్జింగూ మీకే. లేదంటే బంకాయనకి" అన్నాడు.

భీమునిపట్నంలో, మా మాటలో భీమిలిలో, ఛార్జింగుకి బావ నిమిషంలో దారి చూపించాడు. ఐసు ఫ్యాక్టరీ! చేపలకి గడ్డలు వేసే చోటు కాబట్టి పెద్ద కరెంటు ఉంటుంది, యజమాని మన పడవ బ్యాటరీల ఖాతాదారుడే. ఛార్జరు పెట్టె బండిలోనే తీసుకెళ్తే సరి. ఏజెంటు రుమాలుతో నుదురు తుడుచుకుని, "బావుంది, బావుంది" అన్నాడు. నాకైతే ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

ఆదివారం పొద్దున్నే వీధిలో పూజ. అత్త బండికి పసుపూ కుంకుమా పెట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. పంతులుగారు కొబ్బరికాయ చేత్తో పట్టుకుని, "స్టార్టు చెయ్యండి నాయనా" అన్నారు.

"సేసీసినాం పంతులుగారూ" అన్నాడు బావ.

ఆయన వంగి విన్నారు. ఏమీ లేదు. "శబ్దం ఏదీ?" అన్నారు. శబ్దం ఉండదని చెబితే, పూజ అబద్ధమైపోతుందేమోనన్నట్టు మొహం పెట్టారు. బావ హారను కొట్టాక గానీ ఆయనకి తృప్తి కలగలేదు.

అక్కడే అత్తకి దిగులు పట్టుకుంది. "ఇంత గమ్మున ఎలిపోతే ఎవలికి తెలుస్తాదిరా బండెల్లినట్టు? మైకు కట్టండి."

మాట అన్నదే తడవు, బావ పైన రెండు మైకు కోన్లు బిగించేశాడు. యాంప్లిఫయరు ఉంది, కోన్లు ఉన్నాయి, మా దగ్గర లేనిది ఒక్కటే, బ్యాటరీ. ముహూర్తాల ఆదివారం కదా, బల్ల మీద ఒక్కటంటే ఒక్కటి లేదు, అన్నీ పెళ్ళిళ్ళకి వెళ్ళిపోయాయి. అయినా దానికేం? బండి నిండా బ్యాటరీలే! నేల చెక్క ఎత్తి, అడుగున ఉన్న ఆరింటిలో మొదటిదానికి క్లిప్పులు తగిలించాడు. పుట్టి బుద్ధెరిగాక బ్యాటరీ కనిపిస్తే మైకు తగిలించడమే మా ఇంటి పని. అందులో తప్పుందని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. హోటలు నుంచి వచ్చిన ఏజెంటు కూడా మైకు మోత విని మురిసిపోయాడు.

మైకులో మాట్లాడే పని అత్త నాకు అప్పజెప్పింది. "ఆడమనిసి గొంతైతే తిరిగి సూత్తారు. ఆ పెల్లి సీర కట్టుకో" అంది. కట్టుకున్నాను. ఆకుపచ్చ పట్టుచీర, ఒక్క చిల్లు లేనిది. బండెక్కుతుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"తిరిగి రాకపోతే సాయంత్రం స్విచ్చి ఇంక ఎయ్యను నాను" అంది. నేను నవ్వేద్దామనుకున్నాను గానీ ఆవిడ నవ్వడం లేదు.

బయల్దేరాం. బావ స్టీరింగు దగ్గర, పక్కన ఏజెంటు, వెనక ఛార్జరు పెట్టెతో నేను. పాత ఊరి సందులన్నీ తిప్పాం. "రండి బాబూ, చూడండి బాబూ! పెట్రోలు తాగదు, పొగ కక్కదు, మోత చెయ్యదు!" అని నేను అరుస్తున్నాను. మోత చెయ్యని బండి గురించి రెండు కోన్లలో అంత మోత చేస్తున్నామని నాకు నవ్వు రాలేదు, అంత హుషారులో ఉన్నాను. దుకాణాల్లోంచి, మేడల మీంచి, మసీదు అరుగుల మీంచి జనం తొంగి చూశారు. మా ఎదురింటి రేకు డబ్బాలు చేసే సాయిబుగారు సుత్తి పక్కన పెట్టి మరీ చప్పట్లు కొట్టారు. మల్కాపురం నుంచి వచ్చి సైకిలు మీద పోతున్న రిఫైనరీ మనిషి ఒకడు, మా బావ స్నేహితుడే, బండి పక్కనే తొక్కుతూ, "ఏటి బావా, మా నోట్లో మన్ను కొట్టేత్తావేటి? మా ఆయిలు తాగకపోతే మావేటి తాగాల?" అని అరిచాడు. బావ నవ్వుతూ హారను కొట్టాడు.

సముద్రం ఒడ్డు రోడ్డెక్కగానే నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కుడిపక్కన సముద్రం, ఎడమన కొండలు, కింద చక్రాలు మాత్రమే తిరుగుతున్న చిన్న సరసర శబ్దం. అరుస్తూ అరుస్తూ మధ్యలో ఆపి వింటే అలలు వినిపించేవి. బస్సులో వెళ్ళినప్పుడు ఎన్నడూ వినలేదు. ఇదిగో ఇలాంటి బండి మా కొట్టులో పుట్టిన కరెంటుతో నడుస్తోంది, మా అత్త వేసిన స్విచ్చితో నడుస్తోంది అనుకుంటే గుండె పొంగిపోయింది. ఇప్పుడు అదే రోడ్డు మీద కరెంటు కార్లకి ఛార్జింగు బోర్డులు వెలిశాయి. అవి చూసి ఎవరైనా కొత్త వింత అంటే నాకు ఊరుకోబుద్ధి కాదు.

రుషికొండ దగ్గర ఎత్తు మొదలయ్యేసరికి నా గొంతు బొంగురుపోయింది. పొద్దుట్నుంచి అరుస్తున్నానుగా అనుకుని మంచినీళ్ళు తాగాను. తాగినా అంతే. గొంతు నాది కాదని, మైకుదని తెలిసేలోపు బండి నీరసంగా ఎత్తెక్కి, ఎక్కి, నడిమధ్యలో ఆగిపోయింది. బావ రెండు సార్లు తొక్కాడు. కదల్లేదు.

ఏజెంటు రుమాలు తీశాడు. బావ నేల చెక్క ఎత్తి, ఒక్కొక్క బ్యాటరీ మూతా విప్పి, మా గాజు గొట్టంతో యాసిడ్ పీల్చి చూశాడు. లోపలుండే తేలుడు బిళ్ళ పైకి తేలితే ఛార్జి ఉన్నట్టు, మునిగితే లేనట్టు. అయిదింటిలో తేలింది. మొదటిదానిలో అడుగున కూర్చుంది. మైకు క్లిప్పులు ఇంకా దానికే ఉన్నాయి.

అప్పుడు తెలిసింది మేం చేసిన నిర్వాకం. ఆరు బ్యాటరీలూ ఒకదాని వెనక ఒకటి కలిస్తేనే బండి నడుస్తుంది. పల్లకీ మోసేవాళ్ళలో ఒకడు కూలబడితే మిగతావాళ్ళు ఎంత బలంగా ఉంటే ఏం లాభం? పొద్దుట్నుంచి ఒక్కదాని రక్తమే మైకు తాగేసింది. బ్యాటరీలతో బతికేవాళ్ళం, ముగ్గురం కలిసి ఆ పని చేశాం!

బావ రోడ్డు పక్క రాయి మీద కూర్చుండిపోయాడు. "అయిపోనాది. రేపెల్లి డూటీలో సేరిపోతాను. అమ్మకి నువ్వే సెప్పు" అన్నాడు.

నాకు కోపం తన్నుకొచ్చింది. "నాను సెప్పను. నువ్వు కట్టిన మైకే కదా, అందులోనే సెప్పుకో" అన్నాను. కోపం బావ మీద కాదు, ఆగిపోయిన బండి మీద, ఆ ఎండ మీద, సాయంత్రం దీపం ముందు నిలబడే అత్త మొహం మీద. ఏడుపు వచ్చేస్తోంది, దాన్ని మింగడానికి అటు తిరిగాను.

అటు తిరగడమే మంచిదయింది. సముద్రం వైపు జీడితోటల అవతల నుంచి సన్నాయి రికార్డు వినిపిస్తోంది, మైకులో. గాలి వచ్చినప్పుడు పెద్దగా, పోయినప్పుడు చిన్నగా. పెళ్ళి. ఒక్క క్షణం ఊరికే విన్నాను, తర్వాత గుర్తొచ్చింది. రుషికొండ దిగువ పల్లెకి నిన్న మధ్యాహ్నం బ్యాటరీ పంపింది నేనే. ఎర్ర రంగు మూతలది, మా వాటిల్లో కొత్తది.

"బావా! మన బ్యాటరీయే పాడతంది!" అని అరిచాను. ఇసకలో చెప్పులు చేత పట్టుకుని, చీర ఎత్తి కట్టుకుని పరిగెత్తాను. వెనకాల బావ, బావ వెనక రుమాలుతో ఏజెంటు.

పందిట్లో తాళి కట్టడం అయిపోయింది, భోజనాలు నడుస్తున్నాయి. పెళ్ళికూతురి తండ్రి, తలపాగా చుట్టుకున్న పెద్దమనిషి, మేం చెప్పిందంతా విని చెయ్యి అడ్డంగా ఊపాడు.

"బేటరీ మీదే గానీ, పెల్లి నాది తల్లీ. గుంటని అత్తోరింటికి పంపిందాకా మైకు ఆగకూడదు. ఆగితే ఊరోల్లు ఏటనుకుంటారు? మగపెల్లోరు ఏటనుకుంటారు?"

"ఎప్పుడు పంపుతారు బాబూ?"

"టాక్సీ కోసం సూత్తన్నాం. భీమిలికి ఎల్లాల. ఒత్తానన్నోడు ఇంకా రానేదు."

భీమిలి! నేను బావ వైపు చూశాను, బావ నా వైపు చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఇద్దరికీ ఒకేసారి ఒకే ఆలోచన వచ్చిన సందర్భాలు చాలా తక్కువ. ఇది అందులో ఒకటి.

"బాబూ, పెల్లికూతుర్నీ పెల్లికొడుకునీ మా బండిలో నాను దిగబెడతాను. ఆల్లు గుమ్మం దాటీగానే మైకు పని అయిపోద్ది కదా. అప్పుడా బేటరీ మా బండికి పెట్టుకుంటాం. మీ మైకు మద్దెలో ఆగినట్టూ కాదు, మీ గుంట టాక్సీ కోసం ఎదురుసూసినట్టూ కాదు" అన్నాను.

ఆయన తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. "బండి మంచిదేనా?"

ఏజెంటు ముందుకొచ్చి, "పొగ రాదండి. పట్టుచీరకి మసి అంటదు" అన్నాడు. ఆ మాటతో ఆడవాళ్ళంతా మా వైపు వచ్చేశారు. పెళ్ళికూతురి మేనత్త, "ఇంకేటి సూత్తన్నారు, పంపీండి" అని తీర్పు చెప్పేసింది.

కానీ మంచి ఘడియ వచ్చేదాకా గడప దాటకూడదన్నారు. మాకు భోజనం పెట్టారు. చేపల పులుసు ఘుమఘుమలాడుతోంది గానీ నాకు ముద్ద దిగితేనా? పందిరి నీడ ఎటు జరుగుతోందో చూస్తూ కూర్చున్నాను. ఏజెంటు మాత్రం రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. పందెం పెట్టినవాడికి తొందరేముంటుంది!

ఘడియ వచ్చింది. పెళ్ళికూతురు గుమ్మం దాటింది, సన్నాయి ఆఖరుసారి పలికింది, బావ క్లిప్పులు పీకేశాడు. బ్యాటరీని తాళ్ళతో కట్టి, కర్రకి వేలాడదీసి ఇద్దరు భుజాల మీద మోశారు. దాని వెనక పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ, వాళ్ళ వెనక ఊరు. బ్యాటరీకి అలాంటి ఊరేగింపు ఎక్కడా జరిగి ఉండదు. రోడ్డు మీదికి చేరాక బావ గొట్టంతో చూస్తే అందులో బిళ్ళ ఇంకా తేలుతోంది; పాతదాన్ని తీసి ఎర్ర మూతలదాన్ని అమర్చాడు. ఈసారి నేనే వంగి మైకు తీగలన్నీ ఊడదీసి, చుట్ట చుట్టి, నా ఒళ్ళో పెట్టుకున్నాను.

బావ తొక్కాడు. బండి కదిలింది!

మోత లేదు కాబట్టి పెళ్ళికూతురి తల్లి ఏడుపు చివరిదాకా స్పష్టంగా వినిపించింది. ఒక ముసలమ్మ, "బండి ఒట్టుకోనేదు, తొయ్యండర్రా" అంటూ పరిగెత్తుకొచ్చింది. అప్పటికే మేం ముందుకెళ్ళిపోయాం. అది చూసి ఏడుస్తున్న పెళ్ళికూతురు కూడా పకపకా నవ్వింది. కాసేపటికి నా ఒళ్ళో ఉన్న మైకు తీసుకుని, "అప్పా, ఇది పలకదేటి?" అని అక్కని అడిగినట్టు అడిగింది.

"పలకదు. పలికితే బండి ఆగిపోద్ది" అన్నాను. పాపం ఆ పిల్ల దాన్ని పాముని వదిలినట్టు వదిలేసింది.

మైకు లేకపోతే మేం వస్తున్నట్టు రోడ్డు మీద ఎవరికీ తెలియదు. హారను కొడితే ఆ కరెంటూ పోతుందని బావ దాన్ని ముట్టడం లేదు. తాటిబుట్టలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు, మేకలు, సైకిళ్ళు, అందరూ రోడ్డు మధ్యలోనే. కిటికీలోంచి తల బయటపెట్టి భీమిలి దాకా "తప్పుకోండి, తప్పుకోండి" అని అరుస్తూనే ఉన్నాను. ఈసారి బొంగురుపోయింది నిజంగా నా గొంతే. మగపెళ్ళివారు వీధి చివర టాక్సీ చప్పుడు కోసం చెవులు నిక్కబొడుచుకుని ఉన్నారట. మేం వాళ్ళ వెనక్కి వచ్చి ఆగేదాకా ఒక్కరూ తిరగలేదు. తిరిగాక మాత్రం వీధి వీధంతా ఒకటే కేక.

మేం ఛార్జరు తీగ తగిలిస్తుంటే ఐసు ఫ్యాక్టరీ యజమాని నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. "ఐసు గడ్డ కట్టకపోతే ఇయాల సేపలన్నీ మీరే కొనాల, సెప్తన్నాను" అని బెదిరించి, మాకు టీ తెప్పించాడు. చల్లటి ఆ గదిలో పొట్టు బస్తాల మీద ఏజెంటు నిద్రపోయాడు. బావ గొట్టం పట్టుకుని బ్యాటరీ బ్యాటరీకీ తిరుగుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడి పొద్దు చూస్తున్నాను. ఇంకొంచెం ఎక్కనిద్దామంటే పొద్దు ఆగదు. పొద్దుండగానే పోదామంటే ఛార్జి చాలదు. చివరికి బావ, "సాలు. ఎత్తు మీద ఆగకపోతే ఇంటికెల్లిపోతాం" అన్నాడు.

రుషికొండ ఎత్తు వచ్చింది. బండి మెల్లగా, మరీ మెల్లగా ఎక్కింది. ఎక్కి పైకి చేరింది. అవతల దిగుతూ పొద్దున ఆగిన చోటు, బావ కూర్చున్న రాయి దాటింది. ఎదురుగా దూరంగా ఊరి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. నేను సీటు మీద గుద్ది గుద్ది అరిచాను. బావ కూడా అరిచాడు. ఏజెంటు మాత్రం కిక్కురుమనలేదు. దారంతా ఆయన ఏమీ మాట్లాడకపోవడం అప్పుడు గమనించాను. మధ్యలో వేరే బ్యాటరీ పెట్టాం కదా. పందెంలో అది చెల్లదంటే?

పాత ఊరి వీధిలోకి తిరిగేసరికి కొట్టు ముందు అత్త నిలబడి ఉంది. బీచి రోడ్డు వైపు కాకుండా, మేం పొద్దున వెళ్ళిన సందు వైపు చూస్తోంది. మేం ఆవిడ వెనకనుంచి వచ్చి ఆగాం. ఆవిడకి వినపడలేదు. లోపల దేవుడి దగ్గర దీపం వెలుగుతోంది, కానీ ఛార్జింగు బల్ల దగ్గర చీకటి. స్విచ్చి వెయ్యలేదు.

బావకి హారను కొట్టడానికి చెయ్యి రాలేదు. నేనే దిగి, "అత్తా" అన్నాను.

ఆవిడ తిరిగి, బండిని చూసి, నన్ను చూసి, మళ్ళీ బండిని చూసింది. ఏజెంటు దిగి రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అమ్మా, బంకాయన దగ్గర స్థలం ఉంది, కరెంటు ఉంది. మీ దగ్గర స్థలం లేదు. కానీ దారిలో బండి ఆగితే ఏ పెళ్ళిలో బ్యాటరీ ఉందో మీకు తెలుసు. నాకు మీరే కావాలి" అన్నాడు.

అత్తకి ఆ పెళ్ళి సంగతేమిటో అర్థం కాలేదు, అర్థమయ్యేలా చెప్పే ఓపిక ఎవరికీ లేదు. ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "రేపు డూటీకి ఎల్తావా?"

బావ అప్పటికే ఛార్జరు తీగ లాగుతున్నాడు. "ఎలాగెల్తానమ్మా? పొద్దున్నకి బండి నిండాల. ఎవలు సూత్తారు?" అన్నాడు.

అత్త మొహం చూడలేకపోయాను. చూస్తే నేనూ ఏడుస్తాను. ఆవిడ లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చింది, బండి బ్యాటరీల మీద రెండు చుక్కల నీళ్ళు చల్లింది, బోర్డు ముందు నిలబడి కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచి, స్విచ్చి వెయ్యకుండా పక్కకి జరిగింది.

"ఎయ్యే" అంది.

నాతో అన్నదని ముందు అర్థం కాలేదు. బావ మోచేత్తో పొడిచాడు. వేశాను. మీటరు ముల్లు లేచి వణికి నిలబడింది. బ్యాటరీల్లోంచి మెల్లగా బుడబుడ మొదలైంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి.

అత్త నా చీర వంక కిందినుంచి పైకి చూసింది. "ఇంక మంచి సీరలు కట్టకు" అంది.

"ఏటయినాదత్తా? బాగానే ఉంది కదా."

"ఉతికినాక తెలుస్తాది."

మర్నాడే ఉతికాను. కుచ్చిళ్ళ దగ్గర, ఆకుపచ్చ పట్టు మీద, ఆవగింజంత చిల్లు. దాన్ని పట్టుకుని వీధిలోకి వెళ్ళి ఎదురింటి సాయిబుగారి భార్యకి చూపించాను, నీళ్ళ కుళాయి దగ్గర ఆడవాళ్ళకి చూపించాను, ఎవరూ అడక్కముందే "మాది బ్యాటరీ కొట్టు కదా" అన్నాను.